ఊరిని తుమ్మించిన స్లాబు

కట్టించిన ఇల్లు కూలిపోయి తలదించుకున్న ఇంజనీర్ల గురించి మీరు వినే ఉంటారు. నా సంగతి వేరు. నేను పోయించిన స్లాబు నిక్షేపంగా నిలబడింది, ఇప్పటికీ నిలబడే ఉంది. దాని మీదకు ఎక్కిన పెద్దమనుషులే నిలబడలేకపోయారు. తుమ్మి, దగ్గి, కళ్ళు మూసుకుపోయి, చివరికి ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిచ్చెన దిగారు. మా అక్కయ్య అత్తవారి ఊళ్ళో ఈ కథ ఇప్పటికీ పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకుంటారు. చెప్పినవాళ్ళంతా తప్పుగానే చెబుతారు కాబట్టి, అసలు నేరస్తుణ్ణైన నేనే పూనుకుని సరిగ్గా చెబుతున్నాను.

అప్పటికి నా చేతికి ఇంజనీరింగ్ పట్టా వచ్చి ఏడాది కాలేదు. వీధికో ఎస్టీడీ బూత్ ఉన్న రోజులు. నా దగ్గర ఒక టేపు, ఒక పసుపుపచ్చ హెల్మెట్ ఉండేవి. టేపు ఎక్కడ వాడాలో అంతగా తెలియకపోయినా హెల్మెట్ మాత్రం అన్నిచోట్లా వాడేవాణ్ణి. ఆర్టీసీ బస్సులో కూడా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కండక్టర్ టిక్కెట్ ఇస్తూ, "బస్సు టాప్ గట్టిగానే ఉందండీ, తీసేసుకోవచ్చు" అన్నా తీసేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లోనే విజయవాడలో ఒక ఇంజనీర్ల సభకు వెళ్ళాను. భోజనం పెడతారంటే వెళ్ళానని ఒప్పుకుంటున్నాను. అక్కడ ఒక పెద్దాయన చాలా నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా, ఒక భయంకరమైన విషయం చెప్పాడు. సిమెంటు చెయ్యాలంటే సున్నపురాయిని కాల్చాలి. కాలేటప్పుడు ఆ రాయి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. కాల్చడానికి వేసిన బొగ్గు ఇంకొంత వదులుతుంది. అదంతా పైకిపోయి భూమిని వేడెక్కిస్తుంది. మనం మేడ మీద మేడ కట్టుకుంటూ పోతే మన పిల్లలకు ఆ మేడల మీద నిలబడే చల్లదనం మిగలదు. దీనికొక ఉపాయం ఉంది. బొగ్గుతో కరెంటు తయారుచేసే చోట బూడిద కొండలుగా పడి ఉంటుంది. సిమెంటులో కొంత తగ్గించి, ఆ బూడిద కలిపితే కాంక్రీటు ఇంకా గట్టిపడుతుంది. కాకపోతే నెమ్మదిగా గట్టిపడుతుంది, ఎక్కువ రోజులు తడిగా ఉంచాలి.

ప్రకాశం జిల్లా ఎండల్లో పుట్టి పెరిగినవాడికి భూమి వేడెక్కుతోందని వేరే రుజువు అక్కర్లేదు. తిరుగు బస్సులోనే నిశ్చయించుకున్నాను. భూమిని నేను చల్లబరుస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ప్రశ్న. దానికీ జవాబు దొరికింది: మా బావ స్లాబు.

మా అక్కయ్య రమణను అద్దంకి దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చాం. బావ వెంకటేశ్వర్లు మిరప, పత్తి వేసే రైతు. పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. "మా తమ్ముడు ఇంజనీరు, వాడుండగా వేరేవాడెందుకు?" అని అక్కయ్య పట్టుబట్టి పని నాకిప్పించింది. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఆ ఊరి రైతులంతా కలిసి మిరపకాయలు ఎండబోసుకోవడానికి పెద్ద కాంక్రీటు కళ్ళం వేసుకోవాలనుకుంటున్నారు. మట్టి మీద ఎండితే కాయకు దుమ్ము పట్టి ధర పోతుందని వాళ్ళ బాధ. ఆ రైతులకు పెద్ద కోటయ్య గారు. మీసం, కండువా, గొంతు మూడూ పెద్దవే. "ముందు మీ బావ స్లాబు చూస్తాం అల్లుడూ. బాగుంటే ఊరి కళ్ళం నువ్వే పోద్దువు గాని" అన్నారాయన. అంటే బావ స్లాబు గెలిస్తే ఊరంతటి కింద నా బూడిద కాంక్రీటు పరుచుకుంటుంది. ఓడితే నేను హెల్మెట్‌తో సహా ఇంటికి పోతాను.

లారీలో బూడిద దిగిన రోజున బావ వాళ్ళమ్మ నాగరత్నమ్మత్తయ్య వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఏందబ్బయ్యా ఇది?"

"బూడిద అత్తయ్యా. సిమెంటులో కలుపుతాం."

"ఇల్లు కట్టమంటే బూడిద తెచ్చావా? ఆ మాట ముందు చెబితే మా పొయ్యిలోదే ఇచ్చేదాన్ని గదా."

"పొయ్యి బూడిద పనికిరాదత్తయ్యా. ఇది వేరే. పిండిలాగా మెత్తగా ఉంటుంది, ముట్టుకు చూడు."

ఆమె ముట్టుకు చూసింది. రెండువేళ్ళ మధ్య రాసి చూసింది. "బాగానే ఉంది. అంట్లకు ఓ గంపెడు తీసిపెట్టు" అని లోపలికి వెళ్ళిపోయింది. భూగోళ రక్షణకు ఆ ఇంట్లో దొరికిన మొదటి మద్దతు అదే.

బావ మాత్రం ఊరుకోలేదు. "ఒరేయ్ బామ్మర్దీ, సిమెంటు తగ్గిస్తే స్లాబు ఆగుద్దా?"

"ఇంకా బాగా ఆగుద్ది బావా. ఒకటే, టయిము పడుద్ది. నీళ్ళు ఎక్కువ రోజులు పట్టాలి."

"ఎన్ని రోజులు?"

"ఊళ్ళో వాళ్ళు ఆపేసింతర్వాత కూడా మనం పడతానే ఉండాలి."

"బోరులో నీళ్ళు యాడున్నయిరా? కరెంటు ఇచ్చేదే వంతులవారీగా."

అదీ చిక్కు. మామూలుగా స్లాబు మీద చిన్న చిన్న గట్లు కట్టి వరిమడిలో పెట్టినట్టు నీళ్ళు నిలబెడతారు. ఆ ఎండాకాలం మొదట్లోనే బోరు దగ్గడం మొదలుపెట్టింది. నేను హెల్మెట్ సర్దుకుని ఆలోచించాను. గోనె సంచులు తడిపి స్లాబు మీద పరిస్తే కొద్ది నీళ్ళతో ఎక్కువ సేపు తడి నిలుస్తుంది. పుస్తకంలో ఉన్న పద్ధతే. మరి సంచులు?

బావ పశువుల కొట్టం పక్క షెడ్డులో సంచులు కొండలా ఉన్నాయి. మిరపకాయలు తొక్కి తొక్కి నింపి గుంటూరు యార్డుకు తోలే పెద్ద సంచులు, మా వైపు టిక్కీలంటాం. పాతబడి, చిరిగి, పక్కన పడేసినవి. వాటిని చూడగానే నా గుండె పొంగిపోయింది. కొత్త సంచులు కొనక్కర్లేదు. పారేసిన బూడిదతో స్లాబు, పారేసిన సంచులతో తడి. ఇంతకంటే పవిత్రమైన కాంక్రీటు భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటుందా?

మిరప పండించే జిల్లాలో పుట్టి, మిరపకాయ సంచిని చూసి పవిత్రత గురించి ఆలోచించినవాడు నాకు ముందు లేడు, తర్వాతా లేడు. అత్తయ్య అప్పుడే హెచ్చరించింది.

"అబ్బయ్యా, అయ్యి మిరపకాయ సంచులు."

"కాయలు అమ్మేశారు గదత్తయ్యా. మిగిలింది సంచులేగా."

"కాయలు అమ్మాం. ఘాటు అమ్మలా."

"తడిపితే పోద్దిలే" అన్నాను. నిజం చెప్పాలంటే ఆమె మాట నాకు వినపడనే లేదు. ఆ వయసులో నా చెవులు పుస్తకాలకు మాత్రమే తెరుచుకునేవి.

స్లాబు బ్రహ్మాండంగా పడింది. ఏసోబు మేస్త్రి మనుషులు సాయంత్రానికల్లా ముగించారు. మర్నాడు సంచులు డ్రమ్ములో ముంచి పరిచాం. రెండోనాటికి ఏసోబు కాళ్ళు ఎత్తి ఎత్తి నడుస్తున్నాడు.

"సార్, కాళ్ళు మండుతున్నయి."

ఇక్కడ ఒక్కసారి ఆగండి. నా పతనానికి పునాది పడ్డది ఇక్కడే. సంచుల వల్ల అని ఒప్పుకుంటే అత్తయ్య గెలుస్తుంది. అందుకని, "కొత్త కాంక్రీటు కదా ఏసోబూ, సిమెంటు కాళ్ళు తింటుంది. కొబ్బరినూనె రాసుకో" అన్నాను. అందరూ వినేలా అన్నాను.

మూడోనాడు తూముల్లోంచి ఎర్రటి నీళ్ళు గోడ మీదుగా దిగాయి. అత్తయ్య నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

"ఇదేంది?"

"కొత్త కాంక్రీటు రంగు వదులుతుందత్తయ్యా. బూడిద కలిసింది కదా, మొదట్లో అట్టాగే ఉంటుంది."

ఎర్రటి బూడిదను మీరెవరైనా చూశారా? నేనూ చూడలేదు. అయినా అంత ధైర్యంగా చెప్పేసరికి అత్తయ్య కూడా ఒక్క క్షణం నమ్మింది. ఆ నీళ్ళు తాగిన గేదె మాత్రం నమ్మలేదు. తల విదిలించుకుని, నా వైపు చూసి, తాడు తెంపుకుని వీధిలోకి పోయింది. బావ దాన్ని పట్టుకొచ్చి కట్టేస్తూ, "దీనికేమైందిరా?" అన్నాడు. "ఎండ బావా" అన్నాను. ఆ వారమంతా ఊళ్ళో ఏం జరిగినా నా దగ్గర జవాబుండేది.

ఊళ్ళో ఇంకొకళ్ళ స్లాబు మా తర్వాత పోసి మాకంటే ముందే తడి పెట్టడం ఆపేశారు. బావ రోజూ పైకి చూసి, "అందరి స్లాబులూ ఆరి పనిలోకి పొయ్యాయి. మనది ఇంకా స్నానం చేస్తానే ఉంది" అనేవాడు. అక్కయ్య మాత్రం, "వాడు చెప్పినట్టు చెయ్యండి, వాడికి తెలుసు" అనేది. వంటింట్లోంచి ఆ మాట వినబడినప్పుడల్లా నేను హెల్మెట్ ఇంకాస్త గట్టిగా పెట్టుకునేవాణ్ణి.

ఇలా ఉండగా కోటయ్య గారి కబురు వచ్చింది. రైతు పెద్దలతో కలిసి స్లాబు చూడటానికి వస్తున్నారు. నేను పొద్దున్నే ఏర్పాట్లు మొదలుపెట్టాను. పైన పరిచిన సంచులు మరకలు పట్టి చూడటానికి బాగాలేవు. వాటిని తీయించి, షెడ్డులోంచి ఇంకో కట్ట దించి పరిపించాను. అవి అంతవరకు నీళ్ళ మొహం చూడనివి. అడుగున గింజలు, పొడి, పోయినేటి పంట జ్ఞాపకాలన్నీ భద్రంగా ఉన్నాయి. కరెంటు రాగానే తడుపుదామనుకున్నాను. కరెంటు రాలేదు. కోటయ్య గారు వచ్చారు.

తెల్లటి పంచెలు, మడత నలగని కండువాలు. ఒక్కొక్కరే నిచ్చెన ఎక్కారు. వెనక బావ, కింద వాకిట్లో అక్కయ్య, అత్తయ్య, నిచ్చెన పట్టుకుని ఏసోబు. పడమటి గాలి అప్పుడే లేస్తోంది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. సున్నపురాయి, కొలిమి, వాయువు, భూమి, పిల్లలు, ఏమీ వదల్లేదు. కోటయ్య గారు మీసం దువ్వుకుంటూ విన్నారు. "బానే ఉంది గాని అల్లుడూ, సరుకు చూపించు" అన్నారు.

అంతే. చీరాలలో చీరలమ్మేవాడు మడత విప్పి విసిరినట్టు, ఒక సంచి కొస పట్టుకుని, గాలికి ఎదురుగా ఠీవిగా దులిపాను.

ఎర్రటి మేఘం ఒకటి లేచింది. క్షణం సేపు అందంగానే ఉంది. ఆ తర్వాత మొదటి తుమ్ము కోటయ్య గారిది. అది తుమ్ము కాదు, టపాకాయ. దానికి జవాబుగా మిగతావాళ్ళంతా అందుకున్నారు.

"హచ్! ఏందిరా ఇది... హచ్!"

"కదలకండి! పిట్టగోడ లేదు, కదలకండి!" అని అరిచాను, నేను కూడా కళ్ళు మూసుకునే.

కదలకండి అంటే మనిషి ఏం చేస్తాడు? ఉన్నచోటే కూర్చుంటాడు. పెద్దలంతా కూర్చున్నారు. పల్చటి పంచెలతో, చెమటతో, మిరపకాయ సంచుల మీద. రెండు నిమిషాల్లో కూర్చున్నవాళ్ళంతా కూర్చున్నదానికంటే వేగంగా లేచారు.

"మంట! నీళ్ళు! కళ్ళల్లోకి నీళ్ళు కొట్టండ్రా!"

నీళ్ళు ఉన్నాయి. పక్కనే డ్రమ్ము అడుగున కాసిని మిగిలి ఉన్నాయి. ఆ డ్రమ్ములోనే నేను ఇన్నాళ్ళూ సంచులు నానబెడుతున్నాను. నా తెలివి ఆ పూట ఎంత చురుగ్గా పనిచేసిందంటే, ఒక్క చెంబుతో తృప్తిపడక అందరి మొహాన సమానంగా కొట్టాను.

ఆ తర్వాత ఆ స్లాబు మీద వినబడిన మాటలు రాయడానికి వీల్లేదు. కోటయ్య గారి గొంతు పక్క ఊరికి వినబడిందని అంటారు. కింద నుంచి అత్తయ్య మజ్జిగ చెంబుతో నిచ్చెన సగం ఎక్కి, పైకి చూసి, దిగిపోయింది. ఏసోబు ఒక్కొక్కరి కాలూ పట్టుకుని నిచ్చెన మెట్టు మీద పెడుతూ అందరినీ కిందికి దించాడు. చివరికి నన్నూ దించాడు.

వాకిట్లో అంతా మజ్జిగతో మొహాలు కడుక్కుని నులకమంచాల మీద చేరారు. విచారణ మొదలైంది. సరే, ఇక ఒప్పుకోక తప్పదనుకున్నాను.

"మామయ్యా, తప్పు నాదే. కాంక్రీటుది కాదు. ఆ మిరపకాయ సంచుల వల్ల..."

కోటయ్య గారు తల ఎత్తారు. కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"ఏందీ? మిరపకాయలా?"

"అవును మామయ్యా, సంచుల్లో పొడి..."

"అల్లుడూ, నేను మిరపచేలో పుట్టినోణ్ణి. మా అమ్మ కాయలు కోస్తా కోస్తా నన్ను కన్నది. కళ్ళంలో కాయల మీద పడుకుంటే నిద్ర పట్టుద్ది నాకు. మిరపకాయ నన్ను తుమ్మిస్తదా?"

పక్కనున్నాయన అందుకున్నాడు. "మా ఇళ్ళల్లో పసిపిల్లలు కూడా తుమ్మరు. మిరపకాయంట!"

"సంచుల వల్లేనయ్యా, నేను ముందే చెప్పాను" అంది అత్తయ్య. జీవితంలో ఆమె నన్ను సమర్థించింది ఆ ఒక్కసారే.

"నువ్వూరుకోమ్మా. మగోళ్ళం ఇంతమందిమి మిరపకాయకు పడిపొయ్యామని చెబితే ఊళ్ళో తలెత్తుకోగలమా? ఇది బూడిద ఘాటు."

"బూడిదకు ఘాటుండదు మామయ్యా!"

"మరి మేస్త్రి కాళ్ళు ఎందుకు మండినయ్? సిమెంటు తింటుందని నువ్వే గదా చెప్పావు? ఏం ఏసోబూ?"

ఏసోబు నా వైపు జాలిగా చూశాడు. "సార్ అట్టాగే అన్నారండి."

"గోడ మీద ఎర్రనీళ్ళు? బూడిద రంగు వదులుతుందని చెప్పింది ఎవరు?"

నేనే. అందరూ వినేలా చెప్పింది నేనే. నా సాక్ష్యాలన్నీ నా మీదే తిరిగాయి. మిరపకాయలు నేరం చేశాయని ఒప్పించాలంటే ఒక ఊరు ఊరినే పౌరుషం లేనిదని ఒప్పించాలి. అది ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నేర్పరు.

"ఊరి కళ్ళానికి బూడిద వద్దు. నిఖార్సయిన సిమెంటే పోద్దాం" అని కోటయ్య గారు తీర్పు చెప్పి, కండువా దులుపుకుని (అందులోంచి ఇంకో తుమ్ము వచ్చింది) వెళ్ళిపోయారు.

అక్కయ్య ముందుకొచ్చింది. కిందపడ్డ నా హెల్మెట్ తీసి, తుడిచి, గూట్లో పెట్టింది. అది చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. కళ్ళు అప్పటికే కారుతున్నాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఊరి కళ్ళం మామూలు సిమెంటుతో, వేరేవాళ్ళ చేత పోయించారు. బూడిద కాంక్రీటు ఆ చుట్టుపక్కల తిట్టు కింద చలామణి అయింది. మా బావ స్లాబు మాత్రం నెమ్మదిగా, పట్టుదలగా గట్టిపడింది. ఎన్ని వానలొచ్చినా చుక్క కారలేదు. కారకపోతే మెచ్చుకోవాలా? "ఆ ఘాటుకు వాన కూడా భయపడుద్ది" అనేవాడు బావ.

ఏళ్ళు గడిచాయి. ఎస్టీడీ బూతులు మూతపడి బావ చేతికి సెల్‌ఫోన్ వచ్చింది. నా జుట్టు కొంత నెరిసింది, హెల్మెట్ ఎక్కడో పోయింది. ఒకసారి అక్కయ్యను చూడ్డానికి స్కూటర్ మీద వెళ్తే ఊరి బయట సందడిగా ఉంది. పాత కళ్ళం పగుళ్ళిచ్చిందట, కొత్తది పోశారు. ముసలాయన అయినా కోటయ్య గారి గొంతు తగ్గలేదు. వాడగా మిగిలిన సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నారు.

"రా అల్లుడూ, ఇట్టా రా! చూడు కళ్ళం ఎట్టా ఉందో. దీన్లో నీ బూడిద గీడిద లేదు. కంపెనీ సిమెంటు, మూతి కుట్టిన బస్తా!"

నేను బస్తా వైపు చూశాను. ఈలోగా లోకం నన్ను అడగకుండానే మారిపోయింది. కంపెనీలే బూడిద కలిపి, బస్తాలో నింపి, మూతి కుట్టి అమ్ముతున్నాయి. ఆ సంగతి బస్తా మీద ఇంగ్లీషులో స్పష్టంగా అచ్చువేసి ఉంది. కోటయ్య గారు సరిగ్గా ఆ అక్షరాల పక్కనే కూర్చున్నారు. ఊరి కళ్ళమంతా నా బూడిద పరుచుకుని ఉంది. నా యవ్వనమంతా కలలుగన్న దృశ్యం.

"ఏం చదువుతున్నావు? ఏం రాశారంట?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తడి తగలకుండా దాచుకోమన్నారు మామయ్యా."

"ఆ మాత్రం మాకు తెలవదా?" అని ఆయన లేచారు. "ఇంకో సంగతి. అప్పుడు నువ్వు పాపం మిరపకాయల మీద నింద వేశావు గదా? అది అబద్ధమని రుజువు చెయ్యాలని, ఈ కళ్ళానికి కూడా మిరప టిక్కీలే పరిపిస్తున్నా. నిఖార్సయిన సిమెంటు మీద ఏ ఘాటూ ఉండదు. ఉండు, చూపిస్తా."

వంగి ఒక పొడి సంచి కొస పట్టుకున్నారు. చుట్టూ రైతులు చూస్తున్నారు. పడమటి గాలి లేచింది.

నేను రుమాలు ముక్కుకు కట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేశాను. మలుపు తిరిగేలోపే వెనక మొదటి టపాకాయ పేలింది. ఆ తర్వాత వరసగా, దీపావళి.

మర్నాడు అక్కయ్య ఫోన్ చేసింది. నవ్వాపుకోలేక మాట్లాడలేకపోతోంది. ఇన్నేళ్ళకు ఆమె అలా నవ్వడం విని నా మనసు తేలికపడింది.

"కోటయ్య మామయ్య సిమెంటు కొట్టువాడి మీదకు తగువుకు పోయాడురా."

"ఎందుకు?"

"సిమెంటులో బూడిద కలిపి మోసం చేశారంట. ఒకటే తుమ్ములు, ఇంక రుజువేం కావాలి అంటున్నాడు!"

బూడిద ఉందన్న మాట అక్షరాలా నిజం. ఆ నిజం ఆయనకు ఎలా తెలిసిందన్నది మాత్రం, మీకూ నాకూ అత్తయ్యకూ తెలుసు.

కాబట్టి పాఠకులారా, భూమి, ఆకాశం, బావగారి గేదె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మిరపకాయ సంచిని స్లాబు ఎక్కించను. ఎక్కించినా దులపను. దులిపినా ఆ మంట సిమెంటుదని చెప్పను. భూమిని చల్లబరిచే పని బస్తాలే మూతి కుట్టుకుని చేస్తున్నాయి కాబట్టి, నేను కూడా నా మూతి కుట్టుకుంటాను.